మైలుతుత్తం కట్టని మడి

మా సైన్సు సారు పోయారని వాళ్ల అల్లుడు ఫోన్ చేసేసరికి నేను పొలంలో నాటు వేసేవాళ్లకు నారు కట్టలు అందిస్తున్నాను. "సారు పోయిండమ్మా" అన్నాడు. "ఏ సారు?" అని అడిగాను. బడి వదిలాక కూడా నేను సారు అని పిలిచింది ఆయన ఒక్కరినే. ఆ మాట ఎందుకు అడిగానో ఇప్పటికీ అర్థం కాదు. ఆయన గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని కూర్చుంటే, ఎలా తలుచుకోవాలో కూడా తేలడం లేదు.

సారుది కుసుమంచి. ఉద్యోగం మీద మా అడవి అంచు ఊరికి వచ్చి, బదిలీ అయినప్పుడల్లా ఎవరినో ఒకరిని బతిమాలుకుని సారపాక చుట్టుపక్కలే రిటైరయ్యారు. ప్రతి వానాకాలం మమ్మల్ని పొలాల్లోంచి నత్తగుల్లలు ఏరుకు రమ్మనేవారు. ఖాళీవే తేవాలి. లోపల నత్త ఉంటే మళ్లీ నీళ్లలో వదిలి రావాలి. గుల్ల మీద ఆసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగేది. ఆ గాలిని గొట్టంతో సున్నపు తేటలోకి పంపితే నీళ్లు పాలలా తెల్లబడేవి. వెనక బెంచీ వాళ్లు సైతం లేచి నిలబడి చూసేవాళ్లు.

"నత్త ఇల్లు సున్నం. దాన్ని తినే కొంగ గుడ్డు పెంకు సున్నం. నీ పండ్లల్ల గూడ గా కాల్షియమే. ఒకరి కాడికెంచి ఒకరికి చేబదులు పోతనే ఉంటది" అనేవారు. మేం నత్తగుల్ల కొంగ అని పిలిచే పక్షికి ముక్కు మూసినా నడుమ సందు కనిపిస్తుంది. సారు దాన్ని పండ్లూడిన ముసలాయన అని ఆటపట్టించేవారు.

మైలుతుత్తం గురించి చెప్పిందీ ఆయనే. నీలం పలుకుల్ని వేడిచేస్తే తెల్లబడడం, నీటి చుక్క పడగానే మళ్లీ నీలమవడం క్లాసులో చూపించి, ఆ సాయంత్రమే మా నాన్న దగ్గరికి వచ్చారు. మళ్లలో పాచి కమ్మితే నీళ్లు వచ్చే మడవ దగ్గర గోనెగుడ్డలో మైలుతుత్తం మూట కట్టమన్నారు. నీళ్లు దాన్ని ఒరుసుకుంటూ పారేసరికి పాచి విరిగిపోయింది, పైరు తిప్పుకుంది. సదువుకున్నోడు ఊళ్లె ఉంటే గిట్ల అక్కరకొస్తడని నాన్న మురిసిపోయాడు. ఆ తర్వాత ఊరంతా మూటలు కట్టింది.

గుల్లలు ఎప్పుడు తగ్గాయో ఎవరూ పట్టించుకోలేదు. ఒక వానాకాలం పిల్లలు ఉత్త చేతులతో వచ్చారు. మధ్యాహ్నం అన్నంలో పెట్టిన కోడిగుడ్ల పెంకులతో సారు పాఠం కానిచ్చారు. పెంకులూ బాగానే పొంగాయట. సారు మాత్రం ఇంటికొచ్చి అన్నం ముట్టలేదని ఆయన భార్య చెప్పింది. కొంగలు రావడం కూడా మానేశాయి.

రిటైరయ్యాక మా పొలానికి వస్తూ ఉండేవారు. ప్యాంటు మడుచుకుని, కాలువలో పాదాలు పెట్టి, కాలివేళ్లతో బురద తడిమేవారు. మైలుతుత్తంలో పాచిని చంపే రాగి నత్తనూ చంపుతుందని ఆయనకు అప్పటికే తెలుసు. కానీ ఊరివాళ్లు కొట్టిన పురుగుమందులున్నాయి, గడ్డిమందులున్నాయి, ఎండిపోయిన కుంటలున్నాయి. ఒకరోజు ఉండబట్టలేక, మీరు కట్టించిన మూటల వల్లనేనా సార్ అని అడిగేశాను. కాదంటారని ఆశ.

"తెల్వదు బిడ్డా" అన్నారు. "అవ్ అంటే ఒప్పుకున్నడని మంచిపేరొస్తది. కాదంటే తప్పించుకున్నట్టైతది. గా రెండూ నాకొద్దు."

నాకు చిరాకేసింది. చిన్నప్పటి నుంచి అన్నింటికీ జవాబు చెప్పిన మనిషి, అసలైనదానికి చెప్పరేమిటి? నత్తలు అంతరించిపోయాయని అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "మన మళ్లె లేకుంట పోవుడు వేరు, లోకంల లేకుంట పోవుడు వేరు. మొదటిదానికి ఇంకా తొవ్వ ఉంటది" అనేవారు.

ఈ ఏడు ఒక్క మడి మైలుతుత్తం లేకుండా వదలమని అడిగారు. పాచి కమ్మితే నాటు చెడుతుందని తమ్ముడు గొడవపడ్డాడు. పొలం మా ఇద్దరిదీ. కాలువ చివరి మడి ఒక్కటీ వదిలేలా ఎలాగో ఒప్పించాను. నాటేసినంక నేనే వచ్చి చూస్తనన్నారు సారు. నాటు పూర్తికాకముందే ఆ ఫోను వచ్చింది.

కుసుమంచిలో అంత్యక్రియలకు జనం బాగానే వచ్చారు. మా ఊరి రైతు ఒకాయన, పాచి మందు చెప్పి మా కడుపు నింపిన దేవుడని ఏడ్చాడు. అది అబద్ధం కాదు. అదొక్కటే నిజమూ కాదు. తలూపాను. ఆయన మీద కోపం ఉంది. ఆయన లేకపోతే నేను నీళ్లను ఉత్త నీళ్లలాగే చూసేదాన్నన్న కృతజ్ఞతా ఉంది. రెండూ ఒక్కసారే వచ్చాయి. బాగా ఏడ్చాను.

దినాలయ్యాక వెళ్లి చూస్తే ఆ చివరి మడి నిండా పాచి. తమ్ముడు అప్పటికే మూట పట్టుకొచ్చి మడవ దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, సారే లేడు. ఇగ ఎవరికి చూపెడ్తం?"

"మనం చూద్దాం" అన్నాను.

పళ్లున్న దంతె పట్టుకుని దిగి పాచి లాగడం మొదలుపెట్టాను. వాడు సణిగాడు. మూట తీసుకెళ్లి బండి మీద పడేసి వచ్చి తనూ దిగాడు. నేను లాగింది వాడు చేతులతో ఎత్తి గట్టు మీద కుప్ప వేస్తున్నాడు. కాసేపటికి ఆగిపోయాడు. గట్టు గడ్డి మొదట్లో, తడి మట్టిలో, తెల్లటి చిన్న గుడ్లు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నత్తవో, మరి దేనివో. అడుగుదామంటే సారు లేరు. వాడు నీళ్లు కారుతున్న పాచితోనే గట్టు దిగాడు.

మర్నాడు పొద్దున వెళ్తే గట్టు మీద వాడి అడుగులు ఆరి ఉన్నాయి. ప్రతి వరసా ఆ గుడ్లున్న చోటిదాకా వచ్చి, పక్కకు మడిలోకి దిగి, కొంత దూరం పోయాక మళ్లీ గట్టెక్కింది.