సత్తిరాజుగారికి కలొచ్చింది

సత్తిరాజుగారు కల రానిదే ఏ పనీ చెయ్యరు. విత్తనాలు చల్లాలన్నా, గేదెను కొనాలన్నా, ఆఖరికి క్షవరం చేయించుకోవాలన్నా కల్లో ఎవరో ఒకరు వచ్చి చెప్పాల్సిందే. గణపవరం దగ్గర పల్లెటూళ్ళో ఆయన మేడ మీద వాటాలో నేను నాలుగేళ్ళు అద్దెకున్నాను. హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఆ నాలుగేళ్ళూ పొద్దున్నే కాఫీ కంటే ముందు ఆయన కల మెట్లెక్కి వచ్చేది.

"మాస్టారూ, లేచారా అండీ?"

"లేచానండీ."

"తెల్లారుజామున కలొచ్చిందండి. కొల్లేరు గూడబాతులు ఓ పాతిక ఆకివీడు బస్సెక్కేశాయండి. వాటికి మూతి కింద సంచులుంటాయి కదండీ, లగేజీ ఎక్కువైందని కండక్టరు దింపేశాడు."

"పాపం! మరేం చేశాయండీ?"

"ఎగిరెళ్ళిపోయాయండి. ఆ పనేదో ముందే చెయ్యొచ్చుగా అన్నాను. తోచలేదండీ అన్నాయి."

కల చెబుతూ ఆయన ఉత్తరం వైపు చూసేవారు. నేనూ చూసేవాణ్ణి. అటు చూపు ఆనినంత మేరా చేపల చెరువులే. మంచు విడిపోయే వేళకి ఒక్కో చెరువులో ఒక్కో ఆకాశం పడుకుని ఉండేది. వాటి మీద తెల్లగా కొంగలు, ఎక్కడో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు. ఆ ఆకాశాలన్నీ సత్తిరాజుగారి గట్టు దగ్గరికొచ్చి ఆగిపోయేవి. అక్కణ్ణించి ఆయన ఆరెకరాల వరి. దాని అవతల సత్యవతిగారి ఎకరన్నర. భర్త పోయాక ఆవిడే దుక్కి నుంచి కోత దాకా దగ్గరుండి చేయించుకునేవారు. అలా చూస్తూ నిలబడితే నేను మేలుకున్నానో, ఇంకా ఆయన కల్లోనే ఉన్నానో తేలేది కాదు.

ఒక ఏడాది సార్వా పంటకి ఊరంతా ఒక రకం విత్తనం వేస్తే ఈయన ఇంకో రకం వేశారు.

"మా నాన్నగారు కల్లోకొచ్చి పది అరవై ఒకటి రకమే వెయ్యమన్నారండి."

"ఆయన పోయి ఇరవయ్యేళ్ళయింది కదండీ. ఇప్పటి విత్తనాల నంబర్లు ఆయనకెలా తెలుసు?"

"పైన అన్నీ తెలుస్తాయండి. మనకే ఆలస్యం."

ఇంకోసారి మా ఆవిడ పుట్టింటికెళ్ళినప్పుడు నాకు జ్వరమొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నానికి సత్తిరాజుగారు చారన్నం గిన్నెతో ప్రత్యక్షం. "కల్లో మీరు చారు అడిగారండి" అన్నారు. నాది కల్లో కూడా నోరు తెరిచి అడిగే స్వభావం కాదు. అయినా చారు బాగుండడంతో వాదించలేదు.

ఆయన కలల్ని బొత్తిగా నమ్మని మనిషి ఆ ఇంట్లో ఒక్కడే, కొడుకు వీరేంద్ర. ఆకివీడులో స్నేహితులతో కలిసి చేపల చెరువులు చేస్తున్నాడు. ఈ ఆరెకరాలు కూడా చెరువు తవ్వించేద్దామని మూడేళ్ళుగా అడుగుతున్నాడు. అడిగినప్పుడల్లా తాతగారు సత్తిరాజుగారి కల్లోకొచ్చి వద్దనేవారు.

"తాతగారు నా కల్లోకి ఎందుకు రారండీ?" అని వీరేంద్ర విసుక్కునేవాడు.

"నువ్వు ఫోను చూస్తూ పడుకుంటావు బాబూ. ఎంగేజ్ వస్తోందేమో!"

పోయిన వేసవిలో దాళ్వా వరి కోతలయ్యాక వీరేంద్ర ఇక ఆగలేకపోయాడు. ఒక ఆదివారం పొద్దున్నే పొక్లెయిన్ తెచ్చి చేలో నిలబెట్టేశాడు. సంగతి తెలిసి నేనూ, సత్తిరాజుగారి భార్య లక్ష్మీదుర్గగారూ చేలోకి పరిగెత్తాం. అప్పటికే సత్తిరాజుగారు యంత్రం ఎదురుగా నిలబడి తువ్వాలు దులుపుతున్నారు.

"ఇంత పెద్ద పని కదా బాబూ, నాన్నగారిని ఒక్కమాట అడుగుతాను. చిన్న కునుకు తీస్తే చాలు" అని పొక్లెయిన్ తొండం నీడలోనే తువ్వాలు పరిచి పడుకున్నారు. రెండు నిమిషాల్లో గురక.

ఆపరేటరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏవండీ, కల ఎంతసేపు పడుతుందండీ? మజ్జాన్నం కైకలూరులో ఇంకో పనుంది."

వీరేంద్ర ఏం చెయ్యాలో పాలుపోక యంత్రం వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఎండ ముదురుతోంది. కోసిన చేను మీద గాలి సన్నగా ఆవిర్లు రేపుతోంది.

"నిజంగా కలొస్తుందంటారా?" అని లక్ష్మీదుర్గగారిని మెల్లిగా అడిగాను.

ఆవిడ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఈయనకి కలా! పెళ్ళయి ముప్ఫై నాలుగేళ్ళయిందండి. ఒక్క కలొస్తే ఒట్టు. పడుకుంటే దుంగే. పొద్దున్నే నన్ను లేపి, నీకేం కలొచ్చిందని అడుగుతారు. ఆ గూడబాతులూ బస్సూ నా కల మాస్టారూ!"

"మరి నా చారో?" అన్నాను.

"మీ జ్వరం సంగతి పాలబ్బాయి చెప్పాడండి" అన్నారావిడ. తరవాత నవ్వు ఆపి ఉత్తరం గట్టు చూపించారు. "ఆ చెరువుల ఊట నీళ్ళకి మా చేలో గట్టు పక్క అరెకరం ఏటా కుళ్ళిపోతోందండి. మేం కూడా తవ్వామనుకోండి, ఆ ఊట సత్యవతిగారి చేలోకి దిగుతుంది. ఆవిడకున్నదే ఎకరన్నర. అదీ పోతే ఏం తింటారు?"

"ఆ మాటే చెప్పొచ్చు కదండీ?"

"చెబితే ఆవిడ చెవిన పడదా అండీ? నా కోసం మీ ఆరెకరాలు ఆపుకోవద్దని మర్నాడే పొలం వదిలేసి పోతారు. కల మీదకి తోసేస్తే ఎవరికీ బరువుండదంటారు ఈయన."

యంత్రం వెనక అలికిడైంది. వీరేంద్ర అన్నీ విన్నాడు. ఉత్తరం గట్టు వైపు చూశాడు, అవతలి చేను వైపు చూశాడు. అప్పుడే ఆ చేలోంచి సత్యవతిగారు మజ్జిగ క్యానూ గ్లాసులూ పట్టుకుని వస్తున్నారు. "ఎండలో నిలబడ్డారేంటండీ అందరూ? తాగండి" అంటున్నారు.

ఆ గొంతుకి సత్తిరాజుగారు లేచి కూర్చుని కళ్ళు నులుముకున్నారు. "నాన్నగారొచ్చారు బాబూ..." అని మొదలుపెట్టారు.

"తెలుసండి నాన్నగారూ. చెరువు వద్దన్నారు. నాకూ కలొచ్చింది."

"నీకా? ఎప్పుడు?"

"ఇప్పుడేనండి. నిలబడే."

"నిలబడి కలేంటండీ బాబూ!" అని ఆపరేటరు ఇంజను స్టార్టు చేసి, యంత్రాన్ని రోడ్డు వైపు తిప్పేశాడు.

సత్తిరాజుగారు కొడుకు మొహంలోకి చాలాసేపు చూశారు. తరవాత దగ్గరికి జరిగి, చిన్నపిల్లాడిలా, చాలా ఆశగా అడిగారు. "నాన్నగారు ఎలా ఉన్నార్రా?"

వీరేంద్ర గట్టు వైపు చూస్తూ అన్నాడు. "బాగున్నారండి. పంచె పైకి ఎగ్గట్టి గట్టు మీద నడుస్తున్నారు. మీరు సన్నబడ్డారన్నారు."

"అన్నారా!" అని సత్తిరాజుగారు పొంగిపోయారు.

సత్యవతిగారు మాత్రం కంగారుగా వీరేంద్ర నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "అయ్యయ్యో, బాబుకి కూడా కలలు మొదలయ్యాయా అన్నయ్యగారూ? ఇది ఒట్టి వేడండీ!" అంటూ అతని చేతిలో పెద్ద గ్లాసు పెట్టి, అంచుదాకా మజ్జిగ పోశారు. తాగేదాకా కదల్లేదు. తాగాక ఇంకో గ్లాసు పోశారు.