కంప్యూటర్లకు కళాయి

రెబెకా ఇంట్లో కంప్యూటర్ వయసెంతో రెబెకాకే తెలియదు. నంద్యాలలో ఒక కోచింగ్ సెంటరు మూతపడి సామాన్లు అమ్ముకుంటుంటే ఆమె కొనుక్కున్న డబ్బా అది. అప్పటికే దాని తెల్లరంగు గారపట్టిన పళ్లలా పసుపు తిరిగింది. ఆన్ చేస్తే లోపల ఫ్యాను పిండిమరలా మోగేది. రెండువేల మూడులో ఆళ్లగడ్డలోని ఆ ఇల్లు ఆ చప్పుడు మీదే నడిచేది. భర్త యోహానుది డోన్‌లో లారీల మీద పని. ఇంటికి ఎప్పుడొస్తాడో, ఏం తెస్తాడో చెప్పలేం.

అంతకుముందు రెబెకా ఒక కాన్వెంటులో టీచరు. జీతం పెంచమని అడిగితే, ఇష్టముంటే ఉండమన్నారు. ఇష్టం లేక వచ్చేసింది. తెలుగు టైపింగు తనంతట తానే నేర్చుకుని అదే కాన్వెంటుకు, ఇంకో మూడింటికి ప్రశ్నపత్రాలు టైపు చేయడం మొదలుపెట్టింది. పాఠం చెప్పినన్నాళ్లు ఇవ్వని మర్యాద అప్పుడిచ్చారు. పాఠం లేకపోయినా బడి నడుస్తుంది. పేపరు లేకపోతే పరీక్ష నడవదు.

అలాంటిది ఆ సంవత్సరం త్రైమాసిక పరీక్షల ముందు కంప్యూటర్‌కు వైరస్ పట్టింది. రాత్రి దాచిన ఫైలు పొద్దున్నే ఉండేది కాదు. ఒక్కోసారి నల్లతెర మీద గీత కొట్టుకుంటూ అక్కడే నిలిచిపోయేది. ఒకసారి పేపర్లు ఒకరోజు ఆలస్యమయ్యాయి. ఇంకొక్కసారి ఇలా అయితే పనంతా నంద్యాల ప్రెస్సుకు ఇచ్చేస్తామని, మళ్లీ అడగడానికి రావద్దని కాన్వెంటు కరస్పాండెంటు కబురు పంపాడు. నాలుగు బళ్లూ ఆయన మాట మీదే నడుస్తాయి. ఆ పని పోతే మళ్లీ ఎవరి దగ్గరో చేతులు కట్టుకుని నిలబడాలి.

కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని నంద్యాల తీసుకుపోయింది. అద్దాల తలుపు షాపతను మూత విప్పకుండానే తేల్చేశాడు. "మేడమ్, దీన్ని మ్యూజియంలో పెట్టాల. కొత్తది తీసుకోండి, దీనికి ఎక్స్‌చేంజి ఇస్తాం." అతను చెప్పిన ఎక్స్‌చేంజి బస్టాండుకు ఆటో చార్జీకి సరిపోతుంది.

బస్టాండు పక్క సందులో, లాడ్జి మెట్ల కింద నాగార్జున అనే కుర్రవాడు రిపేర్లు చేస్తాడని తెలిసి అక్కడికి పోయింది. అతను రెండు వందలకే బాగు చేశాడు. వారం తిరక్కుండా వైరస్ మళ్లీ వచ్చింది. ఆమె మళ్లీ నంద్యాల పోయింది, డబ్బా మళ్లీ బాగయింది, వైరస్ మళ్లీ వచ్చింది. ఈలోపు ఊళ్లో ఫొటో స్టూడియో రామాంజనేయులు కనిపించిన ప్రతివాడికీ చెప్పసాగాడు, "రెబెకా ఫ్లాపీ చేత్తో గూడ ముట్టొద్దప్పా" అని.

మూడోసారి డబ్బా దించేసరికి నాగార్జున నవ్వాడు.

"మళ్లీనా అక్కా?"

"మళ్లీనే. నువ్వు వైరస్‌ను చంపుతాండావో, నీళ్లు పోసి పెంచుతాండావో నాకు అర్థం కాలే."

కుర్రవాడికి రోషం వచ్చింది. "ఈడ ఆన్ చేసి చూపిస్తి గదా? బాగుండె గదా? నువ్వే యాడనో తగిలించుకొస్తాండావ్."

"నేనేమన్నా ఊరంతా తిరిగేదాన్నా?"

"నువ్వు తిరగవు. నీ ఫ్లాపీలు తిరుగుతాయి."

ఆ మాట నిజం. ఆళ్లగడ్డలో ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర లేదు. తెలుగు టైపింగు రెబెకా దగ్గర. ప్రింటరు జిరాక్సు పుల్లయ్య దగ్గర. ఫొటోలెక్కించే స్కానరు రామాంజనేయులు దగ్గర. పెళ్లికార్డు ఒకటి తయారు కావాలంటే ఫ్లాపీ మూడిళ్లూ ఎక్కి దిగాలి.

అంతలో బల్ల కింద గోనెసంచి జారి ఒక డబ్బా బయటపడింది. దాని నెత్తిన కుంకుమ బొట్టు, పక్కన రామాంజనేయులు స్టూడియో స్టిక్కరు. నాగార్జున గబగబా సంచి కప్పాడు.

"నేను చెప్పినానని అనొద్దక్కా. పోయిన నెల పుల్లయ్యన్న గూడ వచ్చిపోయినాడు. మీ ఊరోళ్లు అందరూ వస్తాండారు. ఒకరొచ్చింది ఇంకొకరికి తెలియగూడదంట."

రెబెకాకు ముందు ఒళ్లు మండింది, తర్వాత నవ్వొచ్చింది. గిరాకీ పోతుందని ఒకరికి తెలియకుండా ఒకరు బస్సెక్కి వచ్చి వైరస్ వదిలించుకుంటున్నారు. ఇంటికి పోయి పక్కవాడి ఫ్లాపీతో మళ్లీ తగిలించుకుంటున్నారు. ఊరు ఊరంతా చేస్తున్న పని ఇదే.

ఆ క్షణంలో ఆమెకు గిన్నెల లోపల తగరం పూత పూసే చిన్నప్పటి కళాయివాడు గుర్తుకొచ్చాడు. ఒక్క గిన్నె కోసం అతను కొలిమి ముట్టించేవాడు కాదు. వీధిలో ఆడవాళ్లంతా ఇత్తడి గిన్నెలు తెచ్చి వరసగా పెడితేనే కూర్చునేవాడు. అందరికీ కలిసొచ్చేది.

"నువ్వే ఆళ్లగడ్డకు రా. డబ్బాలన్నీ ఒకచోట పెట్టిస్తా. ఎంతకు చేస్తావ్?"

నాగార్జున లెక్కేసుకున్నాడు. "పది డబ్బాలుంటే ఒక్కోదానికి యాభై చాలు. ఆదివారం వస్తా. బస్సు చార్జీ, మధ్యాహ్నం అన్నం నీది. కానీ ఒక్కటి మిగిలినా మళ్లీ అందరికీ వస్తాది. ముందే చెప్తాండా."

మరుసటి రోజు పుల్లయ్య జిరాక్సు షాపులో నలుగురున్న సమయం చూసి రెబెకా గట్టిగానే చెప్పింది. "పుల్లయ్యన్నా, నా కంప్యూటర్‌కు వైరస్ ఉండాది. రెండుసార్లు వదిలించినా, పోలే."

పుల్లయ్య జిరాక్సు మిషను మూత ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడ్డాడు. బల్లకు ఆనుకుని ఉన్న రామాంజనేయులు చప్పట్లు చరిచాడు. "చూస్తిరా? నేను చెప్పలే? ఇంగ ఆ యమ్మ ఇంటికి ఎవురన్నా పోతారా?"

గోనెసంచి మాట రెబెకా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఇక్కడ పరువు తీస్తే అతను డబ్బా బయటికి తేడు. ఆమెకు కావలసింది అతని పరువు కాదు, డబ్బా.

"ఆదివారం చర్చి హాల్లో నంద్యాల నుంచి మనిషొస్తాండాడు. డబ్బాకు యాభై. వైరస్ ఉన్నోళ్లు తెచ్చుకోండి. లేనోళ్లు గూడ తెచ్చి లేదని చూపించుకోండి."

పుల్లయ్య ఎత్తిన మూత దించాడు. "యాభయ్యేనా?"

"నీదాంట్లో వైరస్సే లేదని మొన్న అంటివి గదన్నా?" అన్నాడొకడు.

"లేదప్పా. ఊరికే అడిగినా."

ఆదివారం ప్రార్థన అయిపోగానే పాస్టరు దావీదు బెంచీలు గోడవారకు జరిపించాడు. అందరికంటే ముందు పుల్లయ్య వచ్చాడు. వెనకాలే విత్తనాల షాపు, కోర్టు దగ్గర టైపు చేసేవాళ్లు, రెండు కాన్వెంట్లు. డబ్బాలు వరసగా కూర్చున్నాయి, కొన్నిటికి బొట్లు, ఒకదానికి నిమ్మకాయ. బొమ్మలు చెక్కే షెడ్డు నుంచి వచ్చిన డబ్బా మూత తీస్తే లోపలంతా రాతిపొడి.

"ఏందన్నా, లోపల గూడ చెక్కుతాండారా?" అన్నాడు నాగార్జున. హాలంతా నవ్వింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాయి. ఒక్కో డబ్బా శుభ్రమై వరసలోంచి లేస్తోంది. రామాంజనేయులు మాత్రం రాలేదు. రెబెకా చేయి కడుక్కుని స్టూడియోకు పోయింది.

"అన్నా, నీదొక్కటే మిగిలింది."

"నాదాంట్లో ఏం లేదని చెప్పినా గదా."

"నంద్యాలలో గోనెసంచి కింద చూసినా."

రామాంజనేయులు వీధిలోకి తొంగిచూశాడు. "మొన్ననే బాగు చేయించి తెచ్చుకున్యా. మళ్లీ వచ్చింది. ఎవురికి చెప్పినావ్?"

"చెప్పింటే నేనొచ్చే పనే లేదు. ఊరే వచ్చిండేది."

"దుడ్లు ఎక్కువిస్తా. ఆ పిల్లోన్ని ఈడికే పంపీ."

"పంపను. వరసలో పెట్టాల. ఎవురూ మిగల్లేదని అందరూ చూడాల. నువ్వు ఎత్తుకొస్తావా, నన్ను ఎత్తమంటావా?"

అతను ఎత్తుకొచ్చాడు. స్టూడియోలో తెరకు కట్టే నల్లగుడ్డ కప్పి మరీ ఎత్తుకొచ్చాడు.

పుల్లయ్య ఊరుకుంటాడా? "ఏందన్నా, పెళ్లికూతురికి ముసుగేసి తెస్తాండావ్?"

"నీదాని మాదిరి సిగ్గు లేంది కాదులేప్పా" అన్నాడు రామాంజనేయులు. తనే నవ్వేశాడు కూడా. వైరస్‌లు అందరికంటే ఎక్కువ అతని డబ్బాలోనే తేలాయి. నాగార్జున ఆ అంకె చదివినప్పుడు చర్చి పైకప్పు లేచిపోయేలా నవ్వారు. తర్వాత నాగార్జున ఇళ్లలోని ఫ్లాపీలన్నీ సంచులతో తెప్పించి వాటిలో వైరస్ తుడిచేశాడు. పోతూ పోతూ ఫ్లాపీలను పరీక్షించే ప్రోగ్రాము రెబెకా కంప్యూటర్లో ఎక్కించి, ఎలా వాడాలో నేర్పిపోయాడు.

ప్రశ్నపత్రాలు గడువుకు ఒకరోజు ముందే చేరాయి. పని నంద్యాలకు పోలేదు. అర్ధసంవత్సర పరీక్షలకు ఇంకో రెండు బళ్లు ఆమె దగ్గరికే వచ్చాయి. పసుపురంగు డబ్బా అలాగే మోగుతూ పనిచేసింది, మళ్లీ నంద్యాల బస్సెక్కలేదు.

ఊళ్లో మాత్రం ఒక కొత్త పద్ధతి పడింది. ఎవరు ఫ్లాపీ పట్టుకుని ఏ షాపుకు పోయినా ముందు ఒకటే ప్రశ్న, "రెబెకక్క చూసిందా?" చూడకపోతే వెనక్కి పంపేవాళ్లు. ఆ ప్రశ్న అందరికంటే గట్టిగా అడిగింది రామాంజనేయులే. పొద్దున్నే గుమ్మంలో నలుగురైదుగురు నిలబడి ఉండేవాళ్లు. రెబెకా తల తిప్పకుండా, చేతిలో పని ఆపకుండా చెప్పేది.

"ఆడ పెట్టి నిలబడండప్పా. వరసలో చూస్తా."