కుడికి తిప్పితే ఎడమకు వాలిన విమానం

మా ఆయన విమానాల మెకానిక్కు. షెడ్డులో అందరూ ఆయన్ని ‘నిదానం’ అంటారు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికే పావుగంట పట్టే మనిషి. నేనూ అక్కడే సీటు కవర్లు కుడతాను. అంత నిదానం మనిషి గొంతు చించుకుని అరిచిన రోజు ఒకటుంది.

ఓ పెద్ద విమానం రెక్కల్లో, రెక్క చివరి పలకల్ని పైకీ కిందికీ కదిపే తీగలన్నీ కొత్తవి వేశారు. ప్రయాణికులు లేకుండా ఓసారి ఎగరేసి చూడాలి. కెప్టెనమ్మ, రెండో పైలట్, వాళ్ళ వెనక మా ఆయన. ముగ్గురే ఎక్కారు. నేను మిషను ఆపి కిటికీలోంచి చూస్తున్నాను.

చక్రాలు నేల వదిలాయో లేదో, ఎడమ రెక్క వాలింది. నిలబెడదామని కెప్టెనమ్మ కుడికి తిప్పింది. ఇంకా వాలింది. మరీ కుడికి తిప్పింది. విమానం పక్కకు పడుకుంది! లోపల కెప్టెనమ్మ అరిచిన అరుపులు తర్వాత మా ఆయన చెప్పాడు.

"కుడికే తిప్పుతున్నాను మేస్త్రీ! ఎడమకే పోతోంది!"

అప్పుడు తట్టింది మా ఆయనకు. ముందురోజు ఆయన రెక్క కింద నిలబడ్డాడు. లోపల కూర్చున్న తోటి మెకానిక్కు స్టీరింగ్ తిప్పి, "కదిలిందా?" అని కేకేశాడు. "కదిలింది!" అన్నాడు ఈయన. ఎటు కదిలిందో అతనడగలేదు, ఈయన చెప్పలేదు.

"ఎడమకు తిప్పండి మేడమ్!"

"ఎడమకే కదయ్యా పడిపోతున్నాం!"

"తీగలు తారుమారుగా బిగించాం! వాలిన వైపుకే తిప్పండి!"

ఆవిడ పళ్ళు బిగబట్టి ఎడమకు తిప్పింది. రెక్క మెల్లగా లేచింది. లేచింది గానీ, ఇరవై ఏళ్ళ అలవాటున్న చేతులు మాట వింటాయా? గాలి ఊపినప్పుడల్లా పాత వైపుకే పోతున్నాయి.

"ట్రాక్టరుకు తగిలించిన సామాన్ల ట్రాలీని వెనక్కి నడిపినట్టు అనుకోండి మేడమ్. అటు పోవాలంటే ఇటు తిప్పాలి."

"నేనెప్పుడు నడిపానయ్యా ట్రాలీ?"

"ఇప్పుడు నడుపుతున్నారుగా!"

ఆ చావుబతుకుల్లోనూ రెండో పైలట్ కిసుక్కున నవ్వాడట. ఇక మా ఆయన ఆవిడ భుజం వెనకే వంగి, "వాలిన వైపుకే... వాలిన వైపుకే..." అంటూనే ఉన్నాడు. దిగబోయి రెండుసార్లు మళ్ళీ పైకి లేచారు. ఫైరింజన్లు వరసగా నిలబడ్డాయి. నాకు తెలిసిన దేవుళ్ళంతా అయిపోయారు, తెలియనివాళ్ళకు కూడా మొక్కేశాను. మూడోసారి ఒంటి చక్రం మీద కుంటుకుంటూ దిగింది.

నేను చెప్పులు లేకుండానే పరిగెత్తాను. మా ఆయన మెట్లు దిగి, నన్ను దాటుకుని, తిన్నగా పెద్ద ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు.

"రెక్క కింద నిలబడి కదిలిందన్నది నేనే సార్. ఎటో చూడలేదు."

తప్పు జరిగితే వేలు అటు చూపించడం, ఇటు తోసేయడం మా షెడ్డులో మామూలే. ఇలా తనంతట తానే ఒప్పుకున్నవాళ్ళు లేరు.

వెనకే కెప్టెనమ్మ వచ్చింది. "బయలుదేరేముందు నా ఎదుటి తెర మీద నేనూ పలకలు కదలడమే చూశాను, ఎటో చూడలేదు. నా తప్పూ రాసుకోండి."

మా ఆయన్ని నెల్లాళ్ళు విచారణ పేరుతో ఇంట్లో కూర్చోబెట్టారు. ఆయన పనిలోకి వచ్చిన మొదటిరోజే, తీగలు సరిచేసిన ఆ విమానం మళ్ళీ పరీక్షకొచ్చింది. రెక్క కింద ఈయన్నే నిలబెట్టమని కెప్టెనమ్మ పట్టుబట్టింది. స్టీరింగ్ దగ్గర ఆవిడే.

"కుడికి తిప్పాను మేస్త్రీ!"

"కుడి రెక్క పలక పైకి! ఎడమది కిందికి!"

కుట్టు మిషన్ల రొదలోనూ ఆ గొంతు నాకు వినబడింది.