జవాబుతో పాటు ప్రశ్న కూడా

సూపరింటెండెంటు సారు పోయారన్న కబురు గురువారం పొద్దున వచ్చింది. నేను వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చాను. అది చూసి మా ఇంట్లోవాళ్ళు నేను గ్రూప్-టూ పరీక్ష కోసం ఏడుస్తున్నానని తేల్చేశారు. "ఏడవాకు మ్మే, పరీక్షకు ఇంకా శానా టైముండాది. ఇంకొక సారును చూస్తాంలే" అంది అమ్మ. సాయంత్రానికల్లా నాన్న చూసేశాడు కూడా. ఆదివారాలు మాత్రమే చెప్పే మాస్టారట.

మూడేళ్ళు ఆదివారం ఆదివారం నేను సారు ఇంటికి పోయింది చదువుకోవడానికి కాదు. ఆ సంగతి మొదటి వారమే ఇంట్లో చెప్పాను. అదొక ఆట, ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్ళం ఆ కథలో తలా ఒక మనిషి అవుతాం, మా మనిషి ఏం చేస్తుందో మేం చెబుతాం, అది నెరవేరిందో లేదో అంకె తీసి చూస్తాం అన్నాను. నాన్న తలాడించి, కరెంట్ అఫైర్స్ కూడా చెబుతున్నారా అని అడిగాడు. కలెక్టరేటులో రిటైరైన పెద్దమనిషి, డిగ్రీ చదివిన పిల్ల, ముందు కాగితాల దొంతర. ఇది కోచింగ్ కాక మరేమవుతుందని ఆయన లెక్క. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి వదిలేశాను. ఇప్పుడు నా దుఃఖానికి కూడా వాళ్ళే పేరు పెట్టేశారు.

ఆ ఆట పుస్తకం సారుకు ఎప్పుడో ఆఫీసు పని మీద హైదరాబాదు పోయినప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట లేదు. దాన్ని జిరాక్సు తీయించి, స్పైరల్ వేయించి ముగ్గురికీ తలా ఒకటి ఇచ్చారు. ముగ్గురమంటే నేను, మా వీధి చివర నెట్ సెంటర్ నడిపే అన్న, సారు భార్య. ఆమెను నేను అత్తా అంటాను. హాల్లో నల్లటి కడప బండల మీద సారు సుద్దముక్కతో కోట గీసేవారు. మనుషులకు బదులు చింతపిక్కలు. పుస్తకం అడిగే ఇరవై ముఖాల పాచిక మా ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు కాబట్టి గుడ్డసంచిలో ఇరవై తంబోలా బిళ్ళలు వేసి తీసేవాళ్ళం. నాది వేటగత్తె. అత్తది దొంగ. "నలభై ఏండ్లు పద్ధతిగా ఉండి విసుగొచ్చిండాది, ఈడన్నా దొంగతనం చేయనీండి" అని మొదటి రోజే చెప్పేసింది.

సారుతో ఆడటం అంత హాయి అని ఎవరూ అనుకోవద్దు. కత్తి గొంతు మీద ఉండగా ఆపేసి కళ్ళద్దాలు తుడుచుకునేవారు. ఒక సందేహం వస్తే పుస్తకం మొదటి పేజీ నుంచి వెతికేవారు. టీ చల్లారిపోయేది, శత్రువు మీద మా కోపం కూడా చల్లారిపోయేది. "చూద్దాం" అన్నారంటే పావుగంట.

పుస్తకంలో లేని సందేహం వారానికొకటి వచ్చేది. ఆట తయారుచేసిన కంపెనీకి మెయిల్ రాస్తే జవాబిస్తారని కనిపెట్టింది అన్న. అధికారిక వివరణ! తయారుచేసినవాళ్ళే చెప్పాక ఇంకేం కావాలని నేను సంబరపడ్డాను. సారు పడలేదు. ప్రింటు తీసిన ప్రతి జవాబునూ ట్యాగు వేసి ఫైల్లో పెట్టేవారు, దాని మీద మేం పంపిన ప్రశ్నను గుచ్చి. జవాబిచ్చిన మనిషి పేరు పెన్సిలుతో పక్కన. ప్రశ్న ఎందుకు సార్, అది మనకు తెలుసు కదా అంటే, "ప్రశ్న లేని జవాబును ఫైల్లో పెట్టగూడదు మ్మా. ఎట్ల అడిగితే అట్ల చెప్తారు" అన్నారు.

అది ఆయనకు ఆఫీసులో పట్టుబడిన విద్య. రాయచోటిలో పనిచేసేటప్పుడు వాళ్ళ ఆఫీసు టైపిస్టమ్మ కాన్పు సెలవు గురించి పై ఆఫీసుకు రాస్తే ఇవ్వొచ్చని ఒక మెమో, ఇవ్వకూడదని ఇంకో మెమో వచ్చాయట. రెంటి కిందా సంతకాలున్నాయి. సారు రెండూ పక్కన పెట్టి, అసలు జీవో చదివి సెలవు ఇచ్చేశారు. మూడో మెమో కోసం ఆగి ఉండొచ్చు కదా అని అడిగాను. "నీ మెమో వచ్చేలోపల బిడ్డ పుట్టేసింటాది" అన్నారు.

ఇక ఆ చివరి ఆదివారం. కోట మెట్ల మీద నా వేటగత్తె ఈటె తగిలి, తెలివి తప్పి పడిపోయింది. పక్కనే ఉన్న అన్న తన మనిషి దగ్గరున్న మందు ఆమె నోట్లో పోస్తానన్నాడు. మందు తాగొచ్చని పుస్తకంలో ఉంది. పడిపోయినవాళ్ళకు ఇంకొకరు పోయొచ్చా అన్నది లేదు. సారు కుదరదన్నారు. పోయినేడు అన్న ఆడే మనిషి అట్లాగే పడిపోయినప్పుడు వద్దన్నాను, ఇప్పుడూ అంతే అన్నారు. అప్పుడు చెప్పింది తప్పు సార్ అన్నాను. "తప్పయినా ఇద్దరికీ ఒకటే తప్పు" అన్నారు, సుద్ద చేతులు దులుపుకుంటూ.

మూడేళ్ళు పెంచుకున్న వేటగత్తె. అత్త ఉడకబెట్టి తెచ్చిన చెనిక్కాయలు ముట్టుకోకుండా, పోయొస్తానని కూడా చెప్పకుండా చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. నేరుగా నెట్ సెంటర్‌కు పోయి కంపెనీకి రాశాను. తోటివాళ్ళు మందు పోసి కాపాడడాన్ని మీ నియమాలు ఎక్కడైనా నిషేధించాయా, అని. పడిపోయిన మనిషికి తెలివి తప్పిందన్న మాట రాయలేదు. ఏం చేస్తున్నానో నాకు తెలుసు.

గురువారం సారు గుండె ఆగింది. శుక్రవారం జవాబు వచ్చింది. ఎక్కడా నిషేధం లేదు, పోయొచ్చు, మా ఆట ఆడుతున్నందుకు ధన్యవాదాలు.

పదకొండో రోజు భోజనాలయ్యాక అన్న ఆ ప్రింటు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "గెలిచినావు మ్మా. నీ వేటగత్తె బతికింది" అన్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు. సారు లేరు కాబట్టి ఇకమీద ఏ సందేహం వచ్చినా కంపెనీకే రాద్దాం, వాళ్ళు ఎట్లంటే అట్ల, మధ్యలో తీర్పు చెప్పే మనిషి అక్కరలేదు. అదీ కుదరదంటే ఆట ఆపేద్దాం. అత్త లోపలికి పోయి ఫైలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

పేజీలు తిప్పుతూ పోతే పోయినేటి ప్రశ్న కనబడింది. అన్న ఆడే మనిషి పడిపోయినప్పుడు సారు మాకు చెప్పకుండా వేరే సెంటర్ నుంచి పంపింది. ఆఫీసు నోటులాగా ఒకటి, రెండు, మూడు అని జరిగిందంతా రాశారు, తెలివి తప్పిందన్న సంగతితో సహా. కింద కంపెనీ జవాబు. కుదరదు, మింగగలిగినవాళ్ళకే మందు. ఆ జవాబిచ్చింది నాకు రాసిన మనిషి కాదు, వేరే మనిషి. పక్కన సారు పెన్సిలు రాత: "అడిగింది పూర్తిగా. జవాబు నాకు నచ్చలేదు. పుస్తకానికి అడ్డం కాదు. అమలు."

అన్న రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "యాది కరెక్టు? మళ్ళీ రాసి అడుగుదామా?" అన్నాడు. మూడో మనిషి మూడోది చెబుతాడన్నా, అన్నాను.

నాకు కంపెనీ మీద కంటే సారు మీద ఒళ్ళు మండింది. ఆ ఆదివారం ఈ ఫైలు ఆయన మోకాలి పక్కనే ఉంది. తీసి చూపిస్తే నోరు మూసుకుని చెనిక్కాయలు తినేదాన్ని. అలిగి పోయేదాన్ని కాదు. ఆయనతో నా చివరి మాట తగాదా అయ్యేది కాదు. ఎందుకు చూపించలేదత్తా అని గట్టిగానే అడిగాను.

"కాయితం చూపించి నోరు మూయించేది ఆఫీసులో శానా చేసినా, ఇంట్లో అది వద్దు అనేవారు మీ సారు. నేను చెప్పినానంటే అది నాదే కావాల, తిడితే నన్నే తిట్టాల అనేవారు."

తిట్టాను కూడా. సరిగ్గా ఆయన కోరుకున్నట్టే.

నాకు వచ్చిన జవాబును ఫైల్లో పెట్టాను. దాని మీద నా ప్రశ్నను, నేను రాసింది రాసినట్టు గుచ్చాను. పెన్సిలు తీసుకుని పక్కన రాశాను: "అడిగింది వంకరగా."

వేటగత్తె చచ్చిపోయింది. వచ్చే ఆదివారం నుంచి ఆట నేను నడుపుతాను. తీర్పు నాది. మాస్టారు దగ్గరికి పోనని నాన్నకు చెప్పేశాను.