వాడరేవు నిద్ర

మొన్న మా అమ్మాయి సెలవులకి ఎక్కడికైనా వెళ్దామని ఫోన్‌లో గదులు వెతుకుతూ, "సముద్రం దగ్గరైతే రెండు రోజులు ఏం చేస్తామమ్మా?" అని అడిగింది. గదిలోంచే అలలు కనిపిస్తాయట, పొద్దున్నే టిఫిను వాళ్లే పెడతారట, మధ్యాహ్నం ఏవో ఆటలు ఆడిస్తారట. ఆ ఆటలు అయిపోయాక ఏమిటన్నది దాని దిగులు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నేను, "నిద్రపోవచ్చు" అన్నాను. నవ్వింది. నిద్రపోవడానికి అంత దూరం దేనికన్నట్టుంది ఆ నవ్వు. దానికి జవాబు చెప్పాలంటే మా తోడికోడలి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అంత వినే తీరిక దానికి లేదు. మీకుంటే చెబుతాను.

ఆవిడ మా ఆయన అన్నగారి భార్య. ఆ ఇంటికి నాకంటే చాలా ముందు వచ్చింది కాబట్టి నాకు అక్క. గుంటూరు నుంచి సత్తెనపల్లి వైపు వెళ్లే దారికి కాస్త లోపలగా మా ఊరు. నల్లరేగడి నేల, పత్తి, మిరప. నేను పక్క ఊరి బళ్లో టీచరుని, పొద్దున వెళితే సాయంత్రానికి వచ్చేదాన్ని. ఇల్లూ, కూలీల భోజనాలూ, పాడీ అక్క చేతిలో ఉండేవి. వీటికి తోడు అత్తయ్యకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా సగం పోయింది. మిగిలిన సగంలో ఎక్కువగా వినిపించేది "పెద్దమ్మాయ్" అన్న పిలుపే. మంచినీళ్లకి పెద్దమ్మాయ్, పక్కకి తిప్పడానికి పెద్దమ్మాయ్, ఊరికే మనిషి ఉందో లేదో చూసుకోవడానికి కూడా పెద్దమ్మాయ్. నేను వెళితే అత్తయ్యకి నచ్చేది కాదు, మూతి బిగించేది. మూడేళ్లు అలా గడిచాయి. మిరప మొదటి కోతకొచ్చిన వారంలో అత్తయ్య పోయింది.

ఏడవడానికి కూడా ఎవరికీ తీరిక దొరకలేదు. పెద్దకర్మ అయిన మర్నాటి నుంచే కళ్లంలో కాయ ఎండబోయడం, తిరగెయ్యడం, తెల్లబడ్డ తాలుకాయ ఏరడం. ఆ రోజుల్లో మా ఊరంతా కలిసి దగ్గేది. పసిపిల్లలు కూడా తుమ్ముతూ నిద్ర లేచేవాళ్లు. అక్క చేతులు మణికట్ల దాకా ఎర్రగా కమిలి, మజ్జిగలో ముంచుకున్నా మంట తగ్గేది కాదు. కానీ మమ్మల్ని భయపెట్టింది ఆ చేతులు కాదు. అత్తయ్య లేకపోయినా అక్క గ్లాసుతో నీళ్లు పట్టుకుని ఆ మంచం దాకా వెళ్లి, ఖాళీ నులక చూసి వెనక్కి వచ్చేది. పడుకుంటే గంటకోసారి లేచి కూర్చునేది. ఒకనాడు పొయ్యి ముందే నిలబడి ఉంది, పాలు పొంగి నేల మీదకి కారుతున్నాయి, వాటిని చూస్తూనే ఉంది. బావగారు ఆవిడని గుంటూరు తీసుకెళ్లి చూపించారు. డాక్టరు ఏవో మాత్రలు రాసి, కొన్నాళ్లు చోటు మార్చమన్నాడు.

చోటు మార్చడం మాకు తెలిసిన విద్య కాదు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఇల్లు కదలాలంటే పెళ్లయినా ఉండాలి, దేవుడైనా పిలవాలి. మనిషి పోయిన ఏడాది గుళ్లకి వెళ్లకూడదు కాబట్టి అమరావతీ లేదు, తిరుపతీ లేదు. ఇక పుట్టిల్లు. అక్కడా వదినగారి వంటింట్లోకే వెళ్లాలని అక్కకి తెలుసు. అందరం తలో ఊరి పేరూ చెబుతుంటే ఆవిడే నెమ్మదిగా, "సముద్రం దగ్గరికి వెళ్తా" అంది. ఆవిడది పర్చూరు వైపు. చిన్నప్పుడు వాళ్ల నాన్న వెంట ఒకసారి చీరాల దగ్గరి వాడరేవు వెళ్లిందట.

మామయ్య చుట్ట పక్కన పెట్టాడు. "గుడి లేదు, చుట్టాలు లేరు. అక్కడికెందుకంటా?"

"అందుకే మావయ్యా" అంది అక్క.

ఆయన మళ్లీ చుట్ట అందుకున్నాడు. అయితే ఊళ్లో ఏమని చెప్పాలన్న సమస్య మాత్రం ఆయనకి పెద్దదే. మనిషి పోయిన ఇంటివాళ్లు చుట్టాలింటికి వెళ్లి ఒక రాత్రి పడుకుని రావడం మా వైపు ఆచారం. నిద్రకి వెళ్లడం అంటాం. మిరప పనుల్లో పడి మేమెవరం ఆ నిద్రకి వెళ్లనేలేదు. అది పట్టుకున్నాడు మామయ్య. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ, "కోడళ్లిద్దరూ చీరాల్లో మావాళ్లింటికి నిద్రకెళ్తున్నారు" అని చెప్పుకొచ్చాడు. చీరాల్లో ఆయనవాళ్లు ఎవరో ఇప్పటికీ మాకు తెలియదు.

సరుకు గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లిపోయి, నాకు బడి సెలవులిచ్చిన కొత్తలో బయల్దేరాం. గుంటూరు దాకా బస్సు, ఆ తర్వాత ప్యాసింజరు రైలు, తెనాలిలో ఇంకో రైలు. పులిహోర, దోసావకాయ, రెండు దుప్పట్లు. రైలు ఆగిన ప్రతిచోటా అక్క ఉలిక్కిపడి లేవబోయేది. చీరాల నుంచి ఆటోలో వాడరేవు. అప్పటికి అక్కడ పెద్ద హోటళ్లు లేవు, ఉన్నా మా తాహతుకి అందవు. పడవలు లాగి పెట్టే చోటుకి కాస్త ఎగువన ఒక పెద్దావిడ తన పెంకుటింట్లో గది అద్దెకిచ్చేది. కిటికీకి తలుపు లేదు, గోనెపట్టా కట్టి ఉంది. ఎండుచేపల వాసనకి మొదట ముక్కు మూసుకున్నాం. మిరప ఘాటు పీల్చీ పీల్చీ వచ్చిన ముక్కులు కదా, సాయంత్రానికి అది కూడా కమ్మగానే అనిపించింది.

విశ్రాంతి తీసుకోవడం ఎలాగో అక్కకి తెలియలేదు. దిగీ దిగగానే గది ఊడ్చింది, కుండ తోమింది. మర్నాడు పొద్దున ఇంటావిడ చేపలు శుభ్రం చేస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చోబోయింది. ఆవిడ కత్తిపీట తనవైపు లాక్కుని, "నాకు నేర్పటానికొచ్చావా, గాలికొచ్చావా?" అని కసిరింది. ఇక చేసేదిలేక ఇద్దరం నీళ్ల దగ్గరికి నడిచాం. అక్క వంగి అలలో చేతులు పెట్టి, చురుక్కుమనడంతో వెనక్కి తీసుకుంది. కాసేపాగి మళ్లీ పెట్టింది. ఆ ఉప్పు మంటకి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చేతులు మాత్రం తియ్యలేదు.

ఎండ ముదిరాక సరుగుడు తోపులోకి వచ్చాం. నేల నిండా ఎండిన సరుగుడు ఆకులు, పరుపులా మెత్తగా. పులిహోర తిని, అక్క కొంగు మొహం మీద కప్పుకుని ఒరిగింది. ఎప్పటిలా లేచి కూర్చుంటుందని ఎదురుచూశాను. లేవలేదు. కుక్క ఒకటి వచ్చి ఆవిడ కాళ్లు వాసన చూసి వెళ్లింది. పీతలు బొరియల్లోంచి తొంగిచూసి, మేం పనికొచ్చేవాళ్లం కాదని తేల్చుకుని లోపలికి పోయాయి. శనక్కాయలమ్మే ఆమె కేకేస్తూ వస్తుంటే నేనే ఎదురెళ్లి నోరు నొక్కినంత పనిచేశాను. తిరిగొచ్చి చెట్టుకి ఆనుకున్నాక నాకూ అర్థమైంది, నా ఒళ్లు కూడా ఎక్కడికక్కడ విరిగి ఉందని. ఏళ్ల తరబడి సాయంత్రం బడి నుంచి రాగానే వంటింట్లో దూరిన ఒళ్లది. ఏమీ చదవలేదు, ఏమీ తలుచుకోలేదు. నీడ జరిగితే నేనూ జరిగాను, అంతే.

పొద్దు వాలాక అక్క దిగ్గున లేచింది. "అత్తయ్య పిలిచిందా?" అంది. ఆవిడే అటూ ఇటూ చూసి తెలుసుకుంది. అలల వైపు తిరిగి కూర్చుని, "ఇందాకట్నుంచీ ఇంత చప్పుడు చేస్తా ఉంది గానీ, మనల్నేమీ అడగట్లేదు చూడు" అంది. తర్వాత మోకాళ్ల మీద తల పెట్టుకుని, అత్తయ్య పోయిన రోజున ఏడవాల్సిన ఏడుపు ఏడ్చింది.

తిరుగు ప్రయాణం రోజున నేను సంచి సర్దుతుంటే అక్క కదల్లేదు. "నువ్వెళ్లు చెల్లాయ్. నేను ఇంకా రెండ్రోజులుండి వస్తా."

"ఒక్కదానివా? ఇంట్లో ఏం చెప్పమంటావక్కా?"

"నిద్రపోతా ఉందని చెప్పు."

ఒక్కదాన్నే ఇంటికి చేరి అదే మాట చెప్పాను. బావగారు విని పాలు పితకడానికి వెళ్లిపోయారు. మామయ్య మాత్రం అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. ఒంటరి ఆడదాన్ని సముద్రపు ఒడ్డున వదిలేసి వచ్చానని నన్నూ, ఊరుకున్నాడని కొడుకునీ కలిపి తిట్టి, "నేనే వెళ్లి తీసుకొస్తా" అని గొడుగు పట్టుకుని పొద్దున్నే బస్సెక్కాడు. సాయంత్రానికి వస్తారనుకున్నాం. రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాత రోజు మా ఊరి పురుగుమందుల కొట్టుకి ఫోనొచ్చిందంటే పరిగెత్తాను. అక్క గొంతు తేటగా ఉంది.

"మావయ్యేడి అక్కా?"

"పడుకున్నాడు. లేపబుద్ధి కాలేదు."

"ఇప్పుడా? ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు గదా."

"వచ్చిన కాడ్నుంచీ ఇదే వరస" అని నవ్వింది. ఆవిడ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

ఇద్దరూ తాపీగా కలిసే వచ్చారు. దారిలో ఆయన అక్కతో అన్న మాట ఆవిడ చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పింది. "పిలిచేది నిన్నేనమ్మా, మెలకువొచ్చేది నాక్కూడా. లేస్తే నావల్ల ఏమవుద్దని కళ్లు మూసుకుని పడుండేవాణ్ణి." అత్తయ్య పక్క మంచం మీద మూడేళ్లూ ఆయన నిద్రపోలేదన్న సంగతి మా ఎవరి బుర్రకీ తట్టలేదు. వాడరేవులో ఆయన అన్నేళ్ల బాకీ తీర్చుకున్నాడు. తర్వాత ఏటా సరుకు యార్డుకి వెళ్లగానే, "అమ్మాయ్, మనవాళ్లని చూసొద్దామా" అని ఆయనే అడిగేవాడు. ఆయనున్నంత కాలం ముగ్గురం వెళ్లాం. ఆ పెంకుటింటావిడ చివరికి నిజంగానే మనవాళ్ల లెక్కలోకి వచ్చింది.

ఇప్పుడు అక్కా నేనూ గుంటూరులో రెండు వీధుల తేడాలో ఉంటాం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, నాకు రిటైర్‌మెంటు. పిలిచేవాళ్లు లేరు, ఎండబొయ్యాల్సిన కాయా లేదు, మధ్యాహ్నాలన్నీ మావే. కానీ పనుల మధ్యలోంచి లాక్కొచ్చుకున్న ఆ సరుగుడు నీడలోని ఒక్క మధ్యాహ్నం ఎంత పొడుగ్గా ఉందో, ఈ ఖాళీ మధ్యాహ్నాలన్నీ వరసగా పేర్చినా అంత పొడుగు రావడం లేదు.