పైగదిలో ముట్టని పళ్ళెం

ఆగస్టు నెల రెండవ గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. బుధవారం సాయంత్రం పట్టిన ముసురు నారాయణఖేడ్‌ను ఇంకా వదలలేదు. నేను వంటగదిలో పాల గిన్నె దగ్గర నిలబడి ఉండగా, మా మేడ మీది గదిలో అద్దెకుండే ఇద్దరమ్మాయిల్లో ఒకామె, కల్హేర్ నుంచి వచ్చిన అమ్మాయి, తడుస్తూ మెట్లు దిగింది.

"టీచరమ్మా, జల్దీ రా. అది లేస్తలేదు."

అది అంటే ఆమెతో ఉండే, కంగ్టి నుంచి వచ్చిన అమ్మాయి. ఇద్దరూ డిగ్రీ రెండవ సంవత్సరం. ఒకే స్టవ్, ఒకే కుక్కర్, వారానికొకరు వంట. ఆ వారం వంతు కల్హేర్ అమ్మాయిది. ఆదివారం రాత్రి కంగ్టి అమ్మాయి ఆ పప్పు రుచి చూసి, అందులోని ఉప్పును తూకమేసి అంగట్లో అమ్ముకోవచ్చునని వేళాకోళమాడిందట. మరునాటి నుంచి పళ్ళెం ముట్టలేదు. వండినామె దానిని అవమానంగా తీసుకుని మంగళవారం నుంచి మాట మానేసింది. పైనుంచి ఒక్క గొంతూ వినిపించకపోవడం నేనూ గమనించాను. పిల్లల అలక, రెండు రోజుల్లో తీరుతుందని లెక్కవేశాను.

పైన ఆ అమ్మాయి చాప మీద చెమటతో తడిసి పడి ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి కాని, పిలిస్తే పలకలేదు. మణికట్టు పట్టుకుని గడియారం చూశాను. నాడి నిమిషానికి నూట ఇరవై. ముప్పై ఒక్క సంవత్సరాలు గణితం చెప్పిన నాకు ఆ సంఖ్య దేనికి గుర్తో తెలియలేదు. అయినా దవాఖాన చేరేవరకు ఆటోలో లెక్కపెడుతూనే ఉన్నాను. లెక్క ఆపితే నాడి కూడా ఆగుతుందేమోనని భయం.

దవాఖానలో నర్సు మొట్టమొదట అడిగింది ఒకటే. "మందేమన్న తాగిందా?"

ఇది పత్తి పండే ప్రాంతం. పురుగుల మందు లేని ఇల్లు తక్కువ. అందుకే ఇక్కడ ఆ ప్రశ్న ముందు వస్తుంది. కల్హేర్ అమ్మాయి లేదనలేకపోయింది. ఆఖరుసారి ఎప్పుడు తిన్నదని నర్సు మళ్ళీ అడిగింది. బయట ఏమన్నా తిన్నదేమో తెలియదంది.

"ఒక్క రూంల పండుకుంటరు. గా మాత్రం ఎరుక లేదా?"

ఆ మాటతో అమ్మాయి స్తంభాన్ని పట్టుకుని కింద కూర్చుంది. నేను పక్కన వంగితే, నాకు మాత్రమే వినబడేట్టు చెప్పింది. "మంగళారం నేనే అన్న, టీచరమ్మా. తినకుంటే సావు, నాకేంది అన్న. గా మాటకు ఏమన్న చేసుకున్నదా?"

లోపల డాక్టరు కంగ్టి అమ్మాయి నోటి వాసన చూడటం, వేలికొన నుంచి నెత్తురు చుక్క తీయడం తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను. మందు కాదని డాక్టరు చెప్పాడు. రక్తంలో చక్కెర నలభై ఆరు. మనిషి స్పృహలో నిలవడానికి అది చాలదన్నాడు. గ్లూకోజు ఎక్కించారు. తెలివి రావాలి, వచ్చేవరకు ఏమీ చెప్పలేనన్నాడు.

ఏడు గంటల ఇరవై అయిదు నిమిషాలకు ఆమె పెదవులు కదిలాయి.

"అమ్మకు ఆపరేషన్ అయిందా?"

"ఏం ఆపరేషన్?" అన్నది కల్హేర్ అమ్మాయి.

"బీదర్ల. ఇయ్యాల పొద్దుగాల. గందుకే సోమారం సంది ఉపాసమున్న."

వాళ్ళ ఇంట్లో, వాళ్ళ చర్చిలో కష్టం వచ్చినప్పుడు ఉపవాసముండి ప్రార్థన చేస్తారు. చేస్తున్నట్టు ఎవరికీ తెలియనివ్వరు. తెలిస్తే అది దేవుడి కోసం కాక మనుషుల కోసం చేసినట్టవుతుందని వాళ్ళ నమ్మకం. బుధవారం నుంచి ఆమె నీళ్ళు కూడా సరిగా తాగలేదు.

"నాకు చెప్తే నోరు పడిపోతుండెనా?"

"చెప్పుకుంట తిరిగితే గది ఉపాసమెట్లయితది?"

"నా పప్పు మీద అలిగినవనుకున్ననే."

"అలగాల్నా? గంత ఉప్పు ఎవలు తింటరే."

కల్హేర్ అమ్మాయి నవ్వలేదు. మంచం పట్టీ మీద తల పెట్టి ఏడ్చింది. తరువాత ఫోను తీసి, ఆ అమ్మాయి చెప్పిన నంబరుకు తానే బీదర్‌కు చేసింది. ఎవరూ ఎత్తలేదు. పదిన్నర వరకు మా ముగ్గురికీ ఆ ఫోనే లోకం. పదిన్నరకు కంగ్టి అమ్మాయి అన్న మాట్లాడాడు. తల్లికి తెలివి వచ్చిందని, నీళ్ళు అడిగిందని చెప్పాడు.

ఇంటి యజమానిగా నేను ఆ రోజు ఒక్క నియమం పెట్టాను. పళ్ళెం వద్దంటే ఎందుకు వద్దో నోటితో చెప్పాలి. చెప్పకూడని కారణమైతే, చెప్పకూడనిదని చెప్పాలి. అవతలి మనిషి అడగకుండా ఊరుకోకూడదు. కంగ్టి అమ్మాయి, అంతవరకు చెబితే తప్పు కాదని ఒప్పుకుంది.

ఆ తరువాత వాళ్ళు పోట్లాడుకోలేదని రాస్తే అబద్ధం. బకెట్టు గురించి, ఫ్యాను గురించి ఇప్పుడు గట్టిగానే అరుచుకుంటారు. ఆ అరుపు వినబడని పూట నేను పని వదిలి మెట్ల దగ్గరకు వెళ్ళి నిలబడతాను.

ఆటోలో కంగ్టి అమ్మాయి తల ఒడిలో పెట్టుకుని వెళ్ళినప్పుడు, ఆ గదికి తిరిగి వచ్చేది ఒక్కరేనని నేను లెక్కవేశాను. శుక్రవారం సాయంత్రం తిరిగి వచ్చినవారు ఇద్దరు.