నిమ్మరంగు గుర్రం తోక

విగ్గుల కార్ఖానాలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ సవరాలక్కే. కిటికీ పక్క బల్ల ఆవిడది. చెక్కతల మీద సన్నటి జాలీగుడ్డ బిగించి, కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకనే లాగి ముడివేస్తూ పొద్దంతా కూర్చుంటుంది. మధ్యమధ్య కబుర్లు చెబుతుంది, పక్కబల్లల వాళ్ళ కాపురాలు చక్కబెడుతుంది, చెయ్యి మాత్రం ఆగదు. కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య నలిపితే చాలు, అది మనిషి జుట్టో నైలానో చెప్పేస్తుంది. ఇదేమంత విద్య కాదని, వంట చేసేవాళ్ళకు ఉప్పు తెలిసినట్టే తనకిది తెలుస్తుందని అంటుంది. తెలిసినదాన్ని లక్ష్యపెట్టకపోతే ఏమవుతుందో మాత్రం నలభై దాటాక గానీ తెలిసిరాలేదు.

ఇంట్లో ఆవిడ సంగతి వేరు. ముందుగదిలో అద్దాల బీరువా ఒకటుంది. కొత్త కాపురంలో గ్లాసులూ కప్పులూ సర్దుకోవడానికి కొన్నది. ఇప్పుడు అందులో గ్లాసులు లేవు, గుర్రాలున్నాయి. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ గుర్రాలు, గులాబీవి, ఊదావి, ఆకాశం రంగువి. దువ్వుకోవడానికి మెడమీద పొడుగాటి జూలు, వెనక జారే తోక, తుంటి మీద తలా ఒక బొమ్మ, ఒకదానికి గొడుగు, ఒకదానికి గాలిపటం, ఇంకోదానికి పళ్ళ గుత్తి. ఆవిడ చిన్నతనంలో వీటికోసం దుకాణాల ముందు కాళ్ళు నేలకేసి కొట్టి ఏడవని ఆడపిల్ల లేదు. ఆ పిల్లలంతా పెరిగి సంపాదనల్లో పడ్డారని తయారు చేసేవాళ్ళు పసిగట్టారు కాబోలు, పాత అచ్చులు దులిపి అవే రంగులు, అవే పెట్టెలతో మళ్ళీ అమ్మకానికి దించారు. పెట్టె మీద 'మీ చిన్ననాటి నేస్తం తిరిగొచ్చింది' అని ఉంటుంది. నేస్తం ఊరికే రాదనుకోండి.

మొదటి గుర్రం ఇంటికొచ్చిన రోజు ఆవిడ భర్త నవ్వాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎక్కడ ఏది ఇరుక్కుందో కనిపెట్టడమే ఆయన పని. గుర్రాలు రెండో అరకు పాకినప్పుడు, "పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టుంది" అన్నాడు. ఇదే ఆఖరుదని ఆవిడ అన్నప్పుడల్లా, "ఏమో, గుర్రం ఎగరావచ్చు" అని పనిసంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఆవిడకు తోడు ఫోనులో ఒక గుంపు కూడా ఉంది. అంతా ఇలా గుర్రాలు పోగుచేసేవాళ్ళే. కొత్తగా అచ్చుపోసినవి ఎలా దాచాలో, అసలు పాతవి ఎక్కడైనా దొరికితే వాటిని కొత్తవాటి పక్కన నిలబెట్టేలా ఎలా తయారు చేయాలో చెప్పుకుంటూ ఉంటారు. పెన్నుగీతలు ఎలా పోతాయి, జిడ్డు ఎలా వదులుతుంది, తల గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి మెలితిప్పితే ఎలా ఊడుతుంది, లోపల తోకను పట్టుకునే ఇనుపబిళ్ళ తుప్పు పడితే ఏం చేయాలి, అన్నిటికీ వాళ్ళకు పద్ధతులున్నాయి. వాళ్ళ లెక్కలో పుట్టినప్పటి రంగే రంగు, ఆ తర్వాత అంటుకున్నదంతా మురికి. ఆవిడ ఈ మతం పుచ్చుకుని చాలా కాలమైంది.

ఆవిడ మొదట కొన్నది నిమ్మరంగు గుర్రం, గొడుగు గుర్తుది. సరిగ్గా అలాంటిదే చిన్నప్పుడు ఆవిడకు ఉండేది. పదిహేనో ఏట పని నేర్చుకోవడానికి పెద్దమ్మ ఇంటికి వెళ్ళిపోతూ దాన్ని చెల్లెలి చేతిలో పెట్టింది. చెల్లెలికి అప్పుడు ఆరేళ్ళు. ఇంట్లో అందరికీ చిన్నది. "దీనికేమైనా అయిందో, వీపు చీరేస్తాను" అని చెప్పి మరీ వెళ్ళింది. అన్నంత పనీ చేసే మనిషే, ఆ పిల్ల వీపుకు తెలుసు. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, ఏళ్ళు దొర్లిపోయాయి. గుర్రం చిన్నదాని దగ్గరే ఉండిపోయింది. ఇంత వయసొచ్చాక నా బొమ్మ నాకిమ్మని చెల్లెల్ని అడగడం నామోషీగా ఉండి, ఆవిడ కొత్తది కొనుక్కుంది. అక్కడినుంచి మొదలైంది బీరువా సంగతి.

మొన్నీమధ్య చిన్నది ఇంటికి రంగులు వేయిస్తూ సామానంతా నడిగదిలో గుట్టపోసింది. ఆ గందరగోళంలో పోతుందేమోనని పాత గుర్రాన్ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చి అక్కకిచ్చింది. "పని అయ్యాక తీసుకెళ్తానక్కా. అంతవరకూ నీ బీరువాలో ఉండనీ" అంది. కింద బండి ఆగి ఉంది. మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయింది.

రుమాలు విప్పి చూస్తే పెద్దదానికి ప్రాణం ఉసూరుమంది. ఒళ్ళు పాలిపోయింది, చెంప మీద పెన్నుగీత, జూలంతా చిక్కులు. అన్నిటికంటే ఘోరం తోక. తెల్లగా నిమ్మరంగు చారతో ఉండాల్సిన తోక నల్లగా, గరుగ్గా, పొట్టిగా ఉంది. దాన్ని కొత్త గుర్రం పక్కన పెట్టి చూసింది. పెళ్ళికొచ్చినవాళ్ళ మధ్య పనిబట్టల్లో నిలబడ్డ మనిషిలా ఉంది. చెల్లెలు వచ్చేసరికి దీన్ని కొత్తపెళ్ళికూతుర్ని చేసి చేతిలో పెట్టాలని అప్పటికప్పుడే నిశ్చయించుకుంది. మంచి మనసుతోనే అనుకుంది, అందులో అబద్ధం లేదు.

సెలవురోజు పొద్దున్నే వంటింటి బల్ల మీద పాతపేపరు పరిచి కూర్చుంది. తల నానబెట్టి ఊడదీసింది. లోపల ఇనుపబిళ్ళ ఉండాల్సిన చోట చొక్కా బొత్తం కనిపించింది. దాని రంధ్రాల్లోంచి తెల్లదారంతో తోకను గట్టిగా ముడివేశారెవరో. నాటుపని అనుకుంది. కత్తెరతో దారం తెంపి తోక బయటికి లాగింది. లాగుతున్నప్పుడు అలవాటు కొద్దీ వేళ్ళు వాటంతటవే ఆ వెంట్రుకల్ని నలిపాయి. మనిషి జుట్టు. వేళ్ళు స్పష్టంగానే చెప్పాయి. బొమ్మకు మనిషి జుట్టేమిటి అసహ్యంగా, అనుకుంది గానీ ఎవరిది, ఎందుకుంది అనుకోలేదు. బొత్తంతో సహా పేపర్లో చుట్టి చెత్తబుట్టలో పడేసింది. ఒళ్ళు కడిగి, గీత చెరిపి, జూలు చిక్కు తీసి, గుంపులోవాళ్ళు చెప్పిన చోటినుంచి తెప్పించిన నైలాను పోగుతో కొత్త తోక కట్టింది. రెండు గుర్రాలూ పక్కపక్కన పెడితే ఏది పాతదో పోల్చుకోలేకపోయారు గుంపులోవాళ్ళు. పొగడ్తలకు ఆవిడ కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆ వారంలోనే చిన్నది ఫోన్ చేసింది. రంగులవాళ్ళ బద్ధకం గురించి చెప్పుకుని చెప్పుకుని, పెట్టేయబోతూ, "అమ్మ తోక జాగ్రత్తగా ఉందిగా అక్కా?" అంది.

"అమ్మ తోకేమిటే?"

చిన్నది నవ్వింది. "ఇప్పుడు చెప్తే కొట్టవుగా? నువ్వు పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళాక గుర్రం తోక తలుపు సందులో పడి ఊడిపోయింది. నువ్వొచ్చి చంపేస్తావని నాకు జ్వరం వచ్చేసింది. అప్పుడు అమ్మ తన జడ చివర కత్తిరించి తోక కట్టింది. అక్కకి చెప్పకే, ఇది నీకూ నాకూ గుర్రానికీ మధ్య రహస్యం అంది." మళ్ళీ అంది, "చివర్లో జుట్టంతా పోయింది కదక్కా. మంచిగా ఉన్నప్పటి అమ్మది నాకు అదొక్కటే మిగిలింది."

పెద్దదానికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. "ఉందే. బాగానే ఉంది" అని ఫోన్ పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా నాలుగంతస్తులూ దిగింది. మెట్ల కింద చెత్తడబ్బా ఖాళీగా ఉంది. బండి పొద్దున్నే వచ్చి వెళ్ళిందని ఊడ్చేమనిషి చెప్పింది. అయినా ఆవిడ డబ్బాలోకి వంగి చూసింది, గోడవారగా వెతికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ డబ్బా పక్కన నిలబడితే అర్థమైంది.

అమ్మకు జబ్బు చేసినప్పుడు చూసుకున్నది చిన్నదే. పెద్దది సెలవు దొరికినప్పుడు వచ్చి పోయేది. తన వంతుగా తల్లికొక విగ్గు చేసి తెచ్చింది, తన చేతిపనిలోకెల్లా మంచిది. అమ్మ దాన్ని పెద్దకూతురు వచ్చినప్పుడు మాత్రమే పెట్టుకునేదని, దురద పెడుతున్నా ఆ సంగతి చెప్పనిచ్చేది కాదని పోయిన తర్వాత తెలిసింది. అప్పుడు కూడా ఆవిడ ఇంత బాధపడలేదు. ఇప్పుడు ఆ రెండూ కలిసొచ్చి గుండెలమీద కూర్చున్నాయి. పసిదాన్ని భయపెట్టిన నోరు తనది. ఆ భయం తీర్చడానికి అమ్మ కోసుకున్న జుట్టు అది. దాన్ని చెత్తలో పారేసిన చేతులూ తనవే, అదీ జుట్టుతోనే బతుకుతున్న చేతులు.

భర్తకు చెప్పింది. ఆయన వేళాకోళం చేయలేదు. "చెప్పెయ్. ఏడుస్తుంది, తిడుతుంది. తిట్టించుకో. అంతకంటే ఏం చేస్తుంది?" అన్నాడు. చెబుదామనే ఫోన్ తీసేది. అవతల చిన్నది "అక్కా" అనగానే రంగులు ఎంతవరకూ వచ్చాయని అడిగేది. కార్ఖానాలో ఎవరైనా, ఫలానా జుట్టుకట్ట ఎక్కడ పోయిందని అడిగితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది. పనిలో ముడులు జారుతున్నాయని మేస్త్రీ ఎప్పుడూ లేనిది ఓ మాట అన్నాడు. తలొంచుకుని విప్పి మళ్ళీ వేసింది.

రంగుల పని అయిపోయిందని కబురొచ్చింది. అప్పుడు పుట్టింది ఆ బుద్ధి. కార్ఖానా అరల్లో పొడవు ప్రకారం, రంగు ప్రకారం జుట్టు కట్టలు కట్టలుగా ఉంటుంది. కాస్త తీస్తే ఎవరూ అడగరు. నల్లటి కట్ట ఒకటి చేతిలోకి తీసుకుంది కూడా. ఎవరమ్మదో అనిపించి మళ్ళీ అరలో పెట్టేసింది. ఇంటికొచ్చి అద్దం ముందు జడ విప్పుకుంది. నీది అచ్చం మీ అమ్మ జుట్టని చుట్టాలంతా అనేవారు. మెడ వెనక ఇంకా నెరవని పాయ ఒకటి దొరికింది. కత్తిరించింది. కొత్తదనం పోయేందుకు ఎండలో పెట్టింది, దుమ్ముగుడ్డతో రుద్దింది. నైలాను తోక ఊడదీసి, భర్త పాత చొక్కా బొత్తం కోసి, తెల్లదారంతో, పాతదాని మాదిరే నాటుగా ముడివేసింది. దొంగపనికి నేర్పు తోడైతే అడ్డేముంది? అంత బాగా కుదిరిన పని ఆమధ్యకాలంలో ఆవిడ చేతినుంచి రాలేదు. అందుకు తనమీద తనకే రోత పుట్టింది. చిన్నది రాగానే మొత్తం చెప్పేసి, ఇది నా జుట్టు, తప్పైపోయింది అంటానని, ఈ తోక ఊరికే చేతికివ్వడానికేనని మొగుడితో అంది.

చిన్నది వచ్చింది. గుర్రాన్ని చేతిలోకి తీసుకుని, "కడిగావా, మెరిసిపోతోంది" అని మురిసింది. తర్వాత తోక మీద వేలు వేసింది. పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి, పసిపాపను నిద్రపుచ్చుతున్నట్టు. పెద్దది ఎదురుగా కూర్చుని మాట కూడగట్టుకుంటోంది. "చిన్నీ, నీకొకటి చెప్పాలే" అంది చివరికి.

"నేను ముందు చెప్తానక్కా" అంది చిన్నది. "ఇన్నాళ్ళూ చెప్పలేక చచ్చిపోతున్నాను. అమ్మ నీ గుర్రానికి కట్టింది ఇది. అంటే సగం నీది. అమ్మ పోయాకైనా నీకిద్దామనుకున్నా, మనసొప్పలేదు. నువ్వు అద్దాల బీరువా నిండా కొత్త గుర్రాలు కొనుక్కుంటుంటే నాకు లోపల్లోపల తొలిచేసేది. అక్కకి అమ్మది ఏమీ మిగల్చకుండా అంతా నేనే దాచుకున్నానని." అంటూనే బల్ల మీది కత్తెర అందుకుంది.

"వద్దే, ఆగు. కత్తిరించకు" అంది పెద్దది. "అంతా నువ్వే ఉంచుకో."

అక్క త్యాగం చేస్తోందనుకుంది చిన్నది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తోకను వేళ్ళతో రెండు పాయలు చేసి, ఒకదాన్ని మొదలంటా కత్తిరించి, తన రుమాలు అంచునుంచి దారం లాగి కట్టింది. కుర్చీలో కూర్చున్న బావగారు లేచి, మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. చిన్నది ఆ పాయను అక్క అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది.

"ఇప్పటికి నా మనసు తేలికపడిందక్కా" అంది. ముక్కు తుడుచుకుని, అక్క మొహంలోకి చూసింది. "రోజూ జుట్టుతోనే కదా నీ పని. పట్టుకుంటే తెలుస్తోందా, అమ్మదేనని?"

పెద్దదాని గుప్పిట్లో తన జుట్టే ఉంది. వంటింట్లో కుళాయి శబ్దం ఆగింది. ఎదురుగా చెల్లెలు, ఆరేళ్ళప్పుడు ఎలా చూసేదో అలాగే చూస్తోంది.

"తెలుస్తోందే" అంది. "అమ్మదే."